భుజం తట్టేదాకా

మొగుడి అస్థికలు ఇంటికి తెచ్చుకుని పట్టుమని పది రోజులు కాకుండానే ఫుసాయే స్టూడియోలో పనికి వచ్చేసింది. కుట్టుగదిలో ఆడవాళ్ళు ఒకరి చెవి ఒకరు కొరుక్కున్నారు. కంట చుక్క నీరు పెట్టలేదట, అది గుండె కాదు బండ, అన్నారు. అనరూ మరి? వాళ్ళు అన్నదాంట్లో అబద్ధం కూడా లేదు. ఏడుపు ఆపుకోవడం వేరు, రాకపోవడం వేరు. ఆవిడకు రాలేదు, అంతే. టీ తాగితే వేడి తెలిసేది గాని రుచి తెలిసేది కాదు. ట్రామ్ ఎక్కితే తన స్టాపు వచ్చి వెళ్ళిపోయేది, చూస్తూ కూర్చునేది. ఎవరైనా పలకరిస్తే ఆ మాట పక్కింట్లో ఎవరినో అడుగుతున్నట్టు ఉండేది.

మనసులో కదిలేది ఒక్కటే. మా ఆయనకు ఏ అంచు పైకి వేశాను? ఎడమదా, కుడిదా?

కిమోనో కట్టడంలో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. బతికున్నవాళ్ళకు ఎడమ అంచు పైన, కుడి అంచు లోపల. కుడి అంచు పైకి వేసేది శవానికి మాత్రమే. తెల్లబట్ట అలా కడితేనే పోయినవాడికి తాను పోయానన్న సంగతి తెలుస్తుందని, తెలిశాక తన దారిన తాను వెళ్తాడని ఫుసాయే అమ్మమ్మ చెప్పేది. పొరపాటున బతికినవాళ్ళకు కట్టినట్టు కట్టి పంపారో, పోయినవాళ్ళు ఇల్లు విడిచే నలభై తొమ్మిదో రోజు దాటినా ఇంటి చూరు పట్టుకుని వేలాడుతూ ఉంటాడట, నన్నెవరూ పలకరించరేమిటని.

పొద్దున్న లేచింది మొదలు మనుషులకు బట్టలు కట్టడమే పనిగా తల నెరిసిన మనిషికి, సొంత మొగుడికి ఎలా కట్టిందో గుర్తులేకపోవడమేమిటంటారు. అక్కడే ఉంది అసలు తంటా. ఎవరినన్నా అడుగుదామంటే, అడగ్గానే పరువు పోతుంది.

ఫుసాయే మొగుడు ఉమేకిచి వృత్తి చావడం. క్యోటోలో తీసే కత్తియుద్ధాల సినిమాలకు హీరో ఒక్కడుంటే సరిపోదు కదా, వాడి చేతిలో చచ్చేవాళ్ళు కావాలి. ఉమేకిచి చావడం మొదలుపెట్టింది యుద్ధం నుంచి తిరిగొచ్చాక. హీరో ముఖం కెమెరాకు కనబడాలి గనక చచ్చేవాడు వీపు చూపించి పడాలి. ఆ లెక్కన ఉమేకిచి వీపును దేశమంతా ఎరుగును. ముఖాన్ని మాత్రం వీధి చివర టోఫూ అమ్మేవాడు కూడా రెండోసారి చూసి గాని గుర్తుపట్టేవాడు కాదు. ఒక్క సినిమాలో విగ్గు మార్చుకుని నాలుగైదు చావులు చచ్చేవాడు. హాల్లో పిల్లలు వీపు ఆనవాలు పట్టి, పోయినోడు మళ్ళీ వచ్చాడురోయ్ అని గోల చేసేవారు. ఆ గోల వినడానికే అతను పనిగట్టుకుని మ్యాట్నీకి వెళ్ళేవాడు.

చచ్చి పడ్డవాళ్ళకు ఆ స్టూడియోలో ఒక కట్టుబాటు ఉంది. డైరెక్టరు కట్ అన్నా సరే, లేవకూడదు. ఒంటి మీద ఎర్రరంగు పచ్చిగా ఉంటుంది. తనంత తాను లేస్తే అది మెడపట్టీలోకి కారుతుంది. అదే బట్ట మరో షాటుకు కావాలి. అందుకని బట్టలు కట్టే మనిషి తుడుపుగుడ్డ పట్టుకొచ్చి, రంగు అద్ది తీసి, భుజం మీద తట్టాలి. తట్టాకే లేవాలి. ఉమేకిచికి ఎప్పుడూ ఫుసాయేనే తట్టేది. ఆ మహానుభావుడు ఒక్క తట్టుకు ఎన్నడూ లేచిన పాపాన పోలేదు. రెండోసారి తట్టించుకునేవాడు. అప్పుడు ఒక కన్ను తెరిచి, "అంత తొందరేంటే, ఇప్పుడేగా చచ్చాను" అనేవాడు. చాల్లే వేషాలు, అని ఆవిడ కసిరేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇద్దరి మధ్యా సరసమంటూ ఉంటే అదే.

ఇక ఇప్పుడు తీస్తున్న సినిమా సంగతి. కాకి తోబే సిరీస్ అంటే తెలియనివాళ్ళు లేరు. నల్లబట్టల్లో ఊళ్ళు తిరిగే కత్తి వీరుడు తోబే. ఏడాదికి రెండు బొమ్మలు. హీరో ఎప్పుడూ హిగాకి షింజూరో. ప్రతిదాంట్లో రెండు పాటలు, ఒక తాగుబోతు హాస్యగాడు, చివర్లో తోబే నవ్వుతూ కనుమ దాటి పోవడం. ఇళ్ళల్లోకి టీవీలొచ్చి హాళ్ళు ఖాళీ అవుతున్నాయని భయం పట్టుకుని, స్టూడియో పెద్దలు ఈసారి కొత్త డైరెక్టరుకు అప్పగించారు. కుసాకబే ఆయన పేరు. నవ్వడం చేతకాని మనిషి. వస్తూనే పాటలు పీకేశాడు. హాస్యగాడికి సెలవిచ్చాడు. ఆ ముసలాయన క్యాంటీన్‌లో కూర్చుని, ఇది సినిమానా సంతాపసభా అని కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు. ఆ తర్వాత కుసాకబే చచ్చేవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, ఈ బొమ్మలో చచ్చినవాడు చచ్చినట్టే, విగ్గు మార్చుకుని మళ్ళీ రావడాలు ఉండవు, అని చెప్పేశాడు. నాలుగు చావుల వాళ్ళకు ఒక్క చావే మిగిలింది. అందరూ లోపల్లోపల తిట్టుకున్నారు.

ఉమేకిచి ఒక్కడు తిట్టుకోలేదు. అతనికి వేషం దొరికింది మరి. పేరున్న వేషం, ముఖం కనబడే వేషం. దీపాలకు నూనె అమ్ముకునే మనిషి. వానలో తోబే అతని గుడిసె చూరు కింద కాసేపు నిలబడి, గొడుగు మరిచిపోయి వెళ్ళిపోతాడు. ఇతను ఆ గొడుగు ఇద్దామని చీకట్లో వెనకాల పరుగెత్తుతాడు. వెనక అడుగుల చప్పుడు విని తోబే కత్తి దూస్తాడు. అంతే. ఆ తర్వాత నూనెవాడి పెళ్ళాం శవానికి తెల్లబట్ట కడుతుంటే, తోబే ఆ గొడుగు ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కూర్చోవాలి. ఇన్ని బొమ్మల్లో తోబే వందలమందిని నరికాడు గాని, ఒక్కడికి శవపేటిక పెట్టిన పాపాన పోలేదు. ఒక్కడికి పెళ్ళామున్నట్టు చూపించలేదు. కుసాకబే పట్టుకున్నది ఆ ముక్కనే.

ఉమేకిచికి ఒకే ఒక్క డైలాగు. "అయ్యా, గొడుగు మరిచిపోయారు." దానికే అతను ఒళ్ళు మరిచాడు. స్నానాల తొట్టిలో అనేవాడు, పళ్ళు తోముకుంటూ అనేవాడు, అన్నం గిన్నె పట్టుకుని ఆవిడ వంక చూసి అనేవాడు. అయ్యా అన్నచోట నొక్కాలా, గొడుగు అన్నచోట నొక్కాలా అని ఆవిడ ప్రాణం తోడేశాడు. ఎక్కడా నొక్కకు, మామూలుగా చెప్పి ఏడువు, అని చెప్పింది ఫుసాయే. ఆ షాటు ఇంకా తీయలేదు. ఈలోగా ఒకనాటి పొద్దున్న మిసో పులుసు కాచి, లేపుదామని వెళ్ళి భుజం తట్టింది. లేవలేదు. మామూలేగా. రెండోసారి తట్టింది. చాల్లే వేషాలు, పులుసు చల్లారిపోతుంది, అని మూడోసారి తట్టింది. గుండె ఆగి చాలాసేపయిందని డాక్టరు వచ్చాక చెప్పాడు.

శవానికి స్నానం చేయించి బట్ట కట్టడానికి బంధువులు ముందుకొచ్చారు. దహనాల సంస్థ మనిషి కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫుసాయే అందరినీ బయటికి పంపించి తలుపు జరిపింది. బట్టలు కట్టడం నా పని, అంది. తలుపు జరపడం గుర్తుంది. పళ్ళెంలో నీళ్ళు గుర్తున్నాయి, అతని కాలి గోరు పెరిగి ఉండడం గుర్తుంది. ఆ తర్వాత అంతా తుడిచేసినట్టు ఉంది. మళ్ళీ గుర్తొచ్చేసరికి ముఖం మీద తెల్లగుడ్డ, గడ్డం దాకా దుప్పటి, పెట్టె మూత.

ఆవిడ తన సొంతంగా తెలుసుకుందామని చూడకపోలేదు. మైజురులో ఉన్న తోటికోడలికి ఫోన్ చేసి, ఆ రోజు అన్నీ సవ్యంగానే జరిగాయి కదూ అని డొంకతిరుగుడుగా అడిగింది. అంతా చక్కగా చేశావమ్మా, మా మరిది అదృష్టవంతుడు, అని ఆవిడ ముక్కు చీదింది. అది ఎందుకు పనికొస్తుంది? ఇంట్లో దిండును పడుకోబెట్టి తెల్లబట్ట చుట్టి చూసింది, చేతులు వాటంతటవి ఏం చేస్తాయోనని. తాను చూస్తున్నంతసేపూ చేతులు బుద్ధిగా కుడి అంచే పైకి వేశాయి. చూస్తుంటే ఎవరి చేతులైనా బుద్ధిగానే ఉంటాయి. చూడని పూట ఏం చేశాయో అవి చెప్పవు. నలభై తొమ్మిదో రోజు దగ్గర పడుతోంది. చూరు కింద నిలబడి పైకి చూసేది. ఏమీ కనిపించేది కాదు, ఏమీ అనిపించేదీ కాదు.

నూనెవాడి వేషం నెగొరోకు ఇచ్చారు. ఉమేకిచి జతగాడు అతను. ఇద్దరూ కలిసి చచ్చిన చావులకు లెక్కలేదు. ఉమేకిచి శవపేటిక మోసినవాళ్ళలో కూడా ఉన్నాడు. వేషం తీసుకున్న రోజున ఫుసాయే దగ్గరికి వచ్చి, వదినా, వద్దంటే మానేస్తాను అన్నాడు. నాదేముందయ్యా, ఎవరో ఒకరు చావాలిగా, అంది ఆవిడ. అంటున్నప్పుడు కూడా ఏమీ తోచలేదు.

గొడుగు డైలాగు అతను బాగానే చెప్పాడు. ఎక్కడా నొక్కలేదు. పడడం కూడా బాగా పడ్డాడు. ఫుసాయే వెళ్ళి రంగు అద్దింది, భుజం తట్టింది, అతను ఒక్క తట్టుకే లేచాడు. ఆవిడ చెయ్యి రెండో తట్టుకోసం గాల్లో ఆగిపోవడం ఇద్దరూ చూసి, చూడనట్టు ఊరుకున్నారు.

పేటిక సీను మర్నాడు. పెళ్ళాం వేషం వేసిన అమాగాసె అనే అమ్మాయి మంచిదే పాపం, కానీ శవానికి బట్ట కడుతుంటే పెళ్ళి కానుక పొట్లం కట్టినట్టుంది. రెండు మూడుసార్లు చేయించి కుసాకబే తల పట్టుకున్నాడు. అంతలో నెగొరో మెడపట్టీ సరిచేస్తున్న ఫుసాయే చేతుల మీద ఆయన కన్ను పడింది. బొబ్బలెక్కి మానిన వేళ్ళు, సూదిపోట్లు. దగ్గరికొచ్చి, చేతులు మాత్రం మీవి పెట్టుకుంటాను, ముఖం ఆ అమ్మాయిది విడిగా తీస్తాను, కాదనకండి అన్నాడు. కుట్టుగది ఆడవాళ్ళు కొయ్యబారిపోయారు. మొగుడు పోయి నలభై తొమ్మిది రోజులైనా నిండని మనిషిని అడగాల్సిన మాటేనా అది? ఎవరో నోరు తెరవబోయారు కూడా. ఫుసాయే సరేనంది. అవసరమైతే ఆ క్షణాన ఆవిడ దేనికైనా సరేననేది.

అమాగాసె వేసుకున్న ముతక కిమోనో లాంటిదే ఇంకోటి తొడిగి ఆవిడను శవం పక్కన కూర్చోబెట్టారు. నెగొరో కళ్ళు మూసుకుని చాప మీద కాళ్ళు చాచుకుని పడుకున్నాడు. వెనక వాకిట్లో షింజూరో ఒళ్ళో గొడుగు పెట్టుకుని తల వంచుకున్నాడు. పైనుంచి గొట్టాల్లో వాన వదిలారు. కుసాకబే ఆవిడ పక్కన గొంతుక్కూర్చుని నటించొద్దన్నాడు. "చేతుల వంక చూడకండమ్మా. అతని ముఖం చూడండి. చేతుల పని చేతులు చూసుకుంటాయి."

ఆవిడ ముఖం వంక చూసింది. లైట్ల వేడికి నెగొరో ముక్కు మీద చెమట పట్టింది. కెమెరా గిరగిరమంది. వాన చప్పుడు. గుడ్డ చేతికి తగిలింది, దులిపింది, భుజాల కింద నుంచి లాగింది, సర్దింది. ఎక్కడో పులుసు పొంగుతున్న వాసన వచ్చినట్టయింది. నడికట్టు బిగించి ముడి వేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

కట్ అన్న మాట వెంటనే రాలేదు. వచ్చాక ఎవరూ కదల్లేదు. షాట్లు రాసుకునే అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామూలుగానైతే ఫిల్ము తగలేసినందుకు సహాయ దర్శకుడు ఎగిరిపడేవాడు, అతనూ బూట్ల వంక చూసుకుంటున్నాడు. కుసాకబే మెల్లగా వచ్చి, "అటుదిటు అయిందమ్మా" అన్నాడు.

అప్పుడు చూసింది. ఎడమ అంచు పైన. ఎంత అందంగా కుదిరిందనీ, ఒక్క ముడత లేదు. ఎవరింటికో పెళ్ళికి బయల్దేరిన మనిషిలా ఉన్నాడు నెగొరో. ఓహో, అనుకుంది ఫుసాయే. అయితే ఇంతేనన్నమాట.

లైట్లు సర్దుకుంటున్నారు. నెగొరో పెదవులు కదపకుండా, చచ్చేవాళ్ళకు మాత్రమే చేతనైన తీరులో మాట్లాడాడు.

"వదినా. ఆ రోజు కూడా ఇలాగే కట్టావు."

"చూశావా?"

"పెట్టెలో దించేటప్పుడు దుప్పటి జారింది. నేనే మళ్ళీ కప్పాను."

"మరి చెప్పవేం?"

మూసిన రెప్పల కింద కళ్ళు కదిలాయి. "కావాలనే కట్టావనుకున్నా. లేస్తాడేమోనని."

ఫుసాయే ఏదో అనబోయింది. చేతుల అలవాటయ్యా, ఏళ్ళ తరబడి అదే పని, శవానికి కట్టిన పాపాన ఎన్నడూ పోలేదు, మా అమ్మ పోయినప్పుడు కూడా నేను ఊళ్ళో లేను, అని చెప్పబోయింది. అవన్నీ నిజమే. కానీ నోట్లోంచి రాలేదు. ఎందుకంటే నెగొరో అన్నది కూడా నిజమే. ఆ తలుపు జరిపినప్పుడు ఆవిడ తర్వాతి షాటుకే కట్టింది. రంగు అద్దేసి, భుజం తడితే లేచి విగ్గు మార్చుకునే మనిషికి కట్టింది. నిప్పుల్లోకి కూడా ఉమేకిచి అలాగే వెళ్ళాడు, తట్టేవాళ్ళ కోసం చూస్తూ. తిమ్మిరెక్కిన కాల్లోకి ఒక్కసారిగా రక్తం పారితే ఎలా ఉంటుంది, అలా మొదలైంది ఆవిడకు, పొత్తికడుపులోంచి. నొప్పి. ఇన్నాళ్ళకు నొప్పి.

కుసాకబే ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. మళ్ళీ కట్టమని అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు. అమాగాసెతోనే లాగించేద్దామని గొణిగాడు. నేనే కడతాను, కాస్త ఆగండి, అంది ఫుసాయే. నడికట్టు విప్పింది. అంచులు రెండూ తెరిచింది.

రెండో టేకులో ఆవిడ ముఖం వంక చూడలేదు, చేతుల వంకే చూసింది. వద్దని ఎవరూ అనలేదు. ఎడమ అంచు తీసి లోపలికి వేసింది. అరచేత్తో ఒక్కసారి అదిమి, ఉండమన్నట్టు ఉంచింది. తర్వాత కుడి అంచు పట్టుకుంది. అది పైకి రావడానికి చచ్చేంత కష్టమయింది. ఇన్నేళ్ళ చేతులు కాదు కాదని మొరాయించాయి. ఆవిడ ఒక్కొక్క వేలితో నచ్చచెప్పుకుంటూ లాక్కొచ్చింది. మెడ దగ్గర సరిపెట్టింది. నడికట్టు చుట్టి, ముడి నిలువుగా వేసింది, పోయినవాళ్ళకు వేసినట్టు. తప్పులేదు. ఎవరు చూసినా తప్పు పట్టలేని కట్టు.

కుసాకబే కట్ అన్నాడు. వాన గొట్టాలు ఆపేశారు. చూరు నుంచి చినుకులు రాలుతున్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. అయినా ఎవరూ తలుపు వైపు నడవలేదు. వాకిట్లో షింజూరో ఒళ్ళోని గొడుగు తీసి పక్కన పెట్టి, ముకుళించిన చేతులతో అలాగే కూర్చున్నాడు.

నెగొరో లేవలేదు. కట్టుబాటు కదా, తట్టేదాకా లేవకూడదు. కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నాడు. ఫుసాయే చెయ్యి అలవాటు కొద్దీ పైకి లేచి అతని భుజం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. తట్టకుండా, మెడపట్టీ మీద లేని ముడతను నొక్కి సరిచేసింది.

"ఈసారి లేవక్కర్లేదు" అంది. "వెళ్ళు."

ఆ మాట తనతో కాదని నెగొరోకు తెలుసు. జీవితమంతా చచ్చిన మనిషి, ఎంతసేపైనా చచ్చి ఉండగలడు. ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. ఆవిడ ఏడుపు మొదలైనప్పుడు కదల్లేదు. మెడ మీద వెచ్చగా తడి పడి, తెల్లబట్టలోకి కారిపోతున్నా తుడుచుకోలేదు.